వేలంపాటలో మనిషి: హాకీ లీగు ప్రభువులకు ఒక కార్మిక అభిమాని జవాబు



2024 అక్టోబరు మాసంలో ఢిల్లీ నగరంలో మూడు దినాల పాటు హాకీ ఆటగాళ్ల వేలంపాట జరిగింది. 2017 తరువాత మూతపడిన హాకీ ఇండియా లీగును తిరిగి తెరుస్తున్న సందర్భమది. జుగ్సలాయిలో, టాటానగర్ రైల్వే స్టేషనుకు కూతవేటు దూరంలో ఉన్న ఒక టీ దుకాణంలో కూర్చుని, ఒక యువకుని ఫోనులో ఆ వార్తలను మేమంతా చూశాము. భారత జట్టు నాయకుడు హర్మన్‌ప్రీత్ సింగ్‌ను సూర్మా హాకీ క్లబ్బు 78 లక్షల రూపాయలకు దక్కించుకున్నదని వినగానే దుకాణంలో చప్పట్లు మ్రోగాయి. నేనూ కొట్టాను. బాల్యం నుండి హాకీని ప్రేమించినవాణ్ణి, కొట్టకుండా ఉండలేకపోయాను. నా ప్రక్కనే ఉన్న పెద్దాయన, శ్రీకాకుళం జిల్లా నుండి వచ్చి రైల్వే గ్యాంగులో జీవితమంతా ధారపోసినవాడు, టీ గ్లాసు క్రింద పెట్టి ఒక్క మాట అడిగాడు: "వేలమంటే సామానుకు కదా బావా, మనిషికి కూడానా?"

ఆ రోజున నేను జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు నా జవాబు.

ఆటల సంగతి కార్మిక పత్రికలో ఎందుకని కొందరు సోదరులు పెదవి విరచవచ్చును. పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చి, సమ్మె హక్కుకు, యూనియన్ గుర్తింపుకు కొత్త చిక్కులు తెచ్చిపెట్టిన ఈ సమయంలో హాకీ ముచ్చట్లా అని అడగవచ్చును. నా మనవి ఒక్కటే. మనిషి తన శ్రమను అమ్ముకొని బ్రతికే ప్రతి చోటూ మన పొలిమేరలోనిదే. ఆ శ్రమ ఫర్నేసు ముందు జరిగినా, కృత్రిమ పచ్చిక మీద జరిగినా దానికి కూలి ఉన్నది, గాయం ఉన్నది, యజమాని ఉన్నాడు. ఈ మూడూ ఉన్న చోట యూనియన్ లేకపోతే ఏమి జరుగుతుందో జంషెడ్‌పూర్ కార్మికునికి మరొకరు నేర్పనక్కరలేదు.

మొదటి బుకాయింపు: "వాళ్లు లక్షాధికారులు"

ఆటగాళ్ల హక్కుల మాట ఎత్తగానే ఎదురయ్యే మొదటి వాదం ఇది. 78 లక్షలు పొందినవానికి యూనియన్ ఎందుకని అడుగుతారు. లెక్క చూద్దాము. 2024 వేలంలో ఒక్కొక్క పురుషుల జట్టు ఖర్చు పెట్టగల మొత్తం 4 కోట్ల రూపాయలు; జట్టులో 24 మంది. సమానంగా పంచితే తలకు 16 లక్షల 67 వేలు. మహిళల జట్టుకు 2 కోట్లు. అదే 24 మందికి పంచితే 8 లక్షల 33 వేలు. సమానంగా పంచరు గనుక, పైన ఉన్న నలుగురి వెలుగులో క్రింద ఉన్న ఇరవై మంది కనబడరు. వేలంలో కనీస ధర 2 లక్షలు, 5 లక్షలు, 10 లక్షలు అని మూడు అంతస్తులుగా నిర్ణయించారు. 2 లక్షల అంతస్తులో నిలబడి, ఎవరూ చేయి ఎత్తక, అమ్ముడుపోనివారిగా ఇంటికి మరలినవారి పేర్లు ఏ పత్రికలోనూ పతాక శీర్షిక కాలేదు.

ఆడవారి శ్రమకు సగం ధర కట్టడాన్ని "మార్కెట్ నిర్ణయం" అంటారు. ఆ పరిమితిని నిర్ణయించింది మార్కెట్టు కాదు, లీగు నిర్వాహకులు. వేలం మొదలు కాకముందే గీత గీసి, ఆ గీత దాటరాదని శాసించి, తరువాత దానికి మార్కెట్ అని పేరు పెట్టడం యాజమాన్యాల పాత విద్య. ఇదే ఝార్ఖండ్ గడ్డ నుండి ఖూంటీ బిడ్డ నిక్కీ ప్రధాన్ 2016 ఒలింపిక్ క్రీడలకు వెళ్లింది. సిమ్డేగా బిడ్డ సలీమా టేటే 2024లో భారత మహిళా జట్టుకు నాయకురాలయింది. మహిళల లీగు తొలి సీజను 2025 జనవరిలో రాంచీలోనే జరిగింది. మైదానానికి జైపాల్ సింగ్ పేరు, ప్రేక్షకులకు ఉచితంగా గర్వం, క్రీడాకారిణులకు సగం కూలి! ఇది న్యాయమా?

అసలు విషయం కూలి ఎంత అన్నది కాదు. ఎక్కువ జీతం పొందే క్రేన్ ఆపరేటరు కూడా కార్మికుడే. తన పనిస్థలాన్ని, పనిగంటలను, యజమానిని తాను ఎన్నుకోలేనివాడు, తన శరీరం తప్ప వేరే పెట్టుబడి లేనివాడు కార్మికుడు. ఆటగాని పెట్టుబడి అతని మోకాలు. అది ముప్పది ఏళ్లకే అరిగిపోతుంది. మిల్లు కార్మికునికి అరువది ఏళ్ల వరకు దొరికే పని అతనికి పది, పన్నెండు సంవత్సరాలే. అందులో లీగు జరిగేది ఏటా కొద్ది వారాలు మాత్రమే.

రెండవ బుకాయింపు: "దేశం కోసం ఆడేవారు డబ్బు అడగరాదు"

ఈ మాటకు జవాబు 2010 జనవరిలో పూణే నగరంలో భారత హాకీ ఆటగాళ్లే ఇచ్చారు. ఢిల్లీలో ప్రపంచ కప్ పోటీలకు కొద్ది వారాలే మిగిలి ఉన్నాయి. రావలసిన సొమ్ము రాలేదు. రాజ్‌పాల్ సింగ్ నాయకత్వంలో జట్టు శిక్షణ శిబిరాన్ని బహిష్కరించింది. తలకు 25 వేల రూపాయలు ఇస్తామన్నారు, ఆటగాళ్లు నిరాకరించారు. గడువులు పెట్టారు, బెదిరించారు, మరొక జట్టును పంపుతామన్నారు. సమ్మె చేసిన ప్రతి కార్మికునికీ ఈ మూడు మెట్లూ కంఠస్థమే గదా! ఆటగాళ్లు చీలలేదు. చివరకు జట్టు మొత్తానికి ఒక కోటి రూపాయలు చెల్లించే ఒప్పందంతో జనవరి 13న శిబిరం తిరిగి మొదలయింది. అదే రోజుల్లో మహిళా జట్టు తమకూ రావలసినది రాలేదని నల్ల పట్టీలు ధరించింది; ప్రజల నుండి విరాళాలు కోరుతూ బ్యాంకులో ఖాతా తెరిచింది. దేశ పతాకాన్ని మోసే ఆడబిడ్డలు జోలె పట్టవలసి వచ్చింది.

సమ్మె చేసిన ఆ పురుషుల జట్టే ఫిబ్రవరి 28న ప్రపంచ కప్ తొలి ఆటలో పాకిస్తాన్‌ను 4-1 తేడాతో ఓడించింది. కూలి అడిగినందువల్ల ఎవరి దేశభక్తీ తరిగిపోలేదు.

కాని ఒక లోపం జరిగింది, దానిని దాచుకోరాదు. ఆ ఐక్యత నుండి శాశ్వతమైన సంఘం పుట్టలేదు. సొమ్ము చేతికి రాగానే ఎవరి దారి వారు పట్టారు. దాని ఫలితం రెండేళ్లలోనే కనబడింది. 2012లో వరల్డ్ సిరీస్ హాకీ అనే లీగును పాత సమాఖ్య ఒకటి, ఒక టెలివిజన్ వ్యాపార సంస్థ కలిసి నడిపాయి. అందులో ఆడితే జాతీయ జట్టు తలుపులు మూసుకుంటాయని రెండవ పక్షం హెచ్చరించింది. రెండు ఏనుగుల మధ్య నలిగినది ఆటగాడే. ఆడినవారిలో అనేకులకు బకాయిలు మిగిలిపోయాయి. రెండవ సీజను జరగనే లేదు. 2013లో మొదలైన హాకీ ఇండియా లీగు అయిదు సీజన్లు నడిచి 2017తో ఆగింది. 2018 సీజను రద్దయింది. మూసేముందు ఆటగాళ్ల సంఘంతో చర్చించే ప్రశ్నే రాలేదు. చర్చించడానికి సంఘమే లేదు. ఇరువది ఏళ్ల వయసులో ఆ తలుపు ముందు నిలబడినవానికి, అది మరల తెరిచేనాటికి ఇరువది ఏడు నిండాయి. ఆ ఏళ్లను ఎవరు తిరిగి ఇస్తారు?

జట్ల మార్పిడి: బదిలీ కాదు, అప్పగింత

ఇక నన్ను అన్నిటికంటె బాధించే విషయానికి వస్తాను. వేలం కొద్ది రోజులతో ముగుస్తుంది. జట్ల మధ్య మార్పిడి ఏడాది పొడవునా తలపై వ్రేలాడే కత్తి. "మీ ఆటగాణ్ణి మాకివ్వండి, మా ఆటగాణ్ణి తీసుకోండి" అని ఇద్దరు యజమానులు మాట్లాడుకుంటారు. మాటకు విషయమైనవాడు ఆ గదిలో ఉండడు.

మా వీధిలో ఒక యువకుడు ఉన్నాడు, గోలుకీపరు. పేర్లు ఇక్కడ అప్రస్తుతం. ఒక సీజను ఆడి వచ్చాడు. మరుసటి ఏడు తాను మరొక జట్టుకు వెళ్లినట్లు ఫోనుకు వచ్చిన సందేశం చూసి తెలుసుకున్నాడు. ఒప్పంద పత్రం ఇంగ్లీషులో ఉన్నది. ప్రతి అతనికి ఇవ్వలేదు. కొత్త జట్టు శిక్షకుడు ప్రక్కన కూర్చోబెట్టాడు. ఆడలేదు గనుక మూడవ ఏడు ఎవరూ పిలవలేదు. అతని తల్లి నన్ను అడిగింది: "అన్నయ్యా, వీడు చేసిన తప్పేటి?" తప్పేమీ లేదు. కాంట్రాక్టరు మారినప్పుడు గేటు పాసు మారి, పదేళ్ల సర్వీసు ఒక్క రాత్రిలో తుడిచిపెట్టుకుపోయిన కాంట్రాక్టు కార్మికుడు చేసిన తప్పు ఏదో, ఇదీ అదే.

ఈ విద్యలో ఆరితేరిన దేశాల అనుభవం మనకు పనికివస్తుంది. ఉత్తర అమెరికాలో మంచు హాకీ లీగు, అనగా ఎన్.హెచ్.ఎల్., ఆటగాళ్ల మార్పిడిని దాదాపు శాస్త్రంగా మార్చింది. 1957లో డెట్రాయిట్ జట్టుకు చెందిన టెడ్ లిండ్సే ఆటగాళ్ల సంఘం స్థాపించడానికి నడుం కట్టాడు. ఆ సీజనులో అతడు 85 పాయింట్లు సాధించి లీగులో రెండవ స్థానంలో నిలిచాడు. అయినా ఆ వేసవిలోనే అతణ్ణి, లీగులో అట్టడుగున ఉండిన షికాగో జట్టుకు పంపివేశారు. ఆటలో లోపమున్నందుకా? కాదు, సంఘం పెట్టినందుకు. యూనియన్ కార్యకర్తను దూరపు డిపోకు బదిలీ చేసే ఎత్తుగడ మనకు కొత్త కాదు గదా! ఆ సంఘం అప్పటికి అణగిపోయింది. 1967లో మరల లేచి నిలబడింది. నేడు ఆటగాళ్లు తమ ఓటుతో ఎన్నుకునే ఉత్తమ ఆటగాని బహుమతికి 2010 నుండి లిండ్సే పేరే ఉన్నది.

మరొక ఉదాహరణ చూడండి. 1986లో కెనడాలోని ఎడ్మంటన్ నగరంలో గేనర్స్ మాంసం కర్మాగారంలో ఆరు నెలలకు పైగా సమ్మె జరిగింది. యజమాని బయటివారిని పనిలోకి దింపాడు. పోలీసులు వందలాది కార్మికులను అరెస్టు చేశారు. ఆ యజమాని పేరు పీటర్ పాక్లింగ్టన్. అదే నగరపు హాకీ జట్టు ఆయిలర్స్‌కు యజమాని కూడా అతడే. రెండేళ్ల తరువాత, 1988 ఆగస్టు 9న, జట్టుకు నాలుగు మార్లు కప్పు తెచ్చిన వేన్ గ్రెట్స్‌కీని లాస్ ఏంజెలెస్ జట్టుకు అప్పగించి, ఇతర ఆటగాళ్లతో పాటు ఒక కోటి 50 లక్షల డాలర్ల రొక్కం పుచ్చుకున్నాడు. దేశం గగ్గోలు పెట్టింది. అమ్మకాన్ని ఆపాలన్న డిమాండు పార్లమెంటు సభ్యుని నోట వచ్చింది. మాంసం కార్మికునికి ఒక న్యాయం, మహా క్రీడాకారునికి మరొక న్యాయం యజమాని పుస్తకంలో లేవు. ఇద్దరూ ఖాతా పుస్తకంలోని పద్దులే.

జట్లు కూడా ఇట్లే మాయమవుతాయి. 2013లో తొలి హాకీ ఇండియా లీగు గెలిచినది మన రాంచీ రైనోస్. 2015 నాటికి ఆ పేరు లేదు. రాంచీ రేస్ వచ్చింది. 2024-25లో మన విశాఖపట్టణం పేరు మోసిన జట్టు గోనాసిక. ఉత్తరాంధ్ర మూలాలున్న జుగ్సలాయి తెలుగువారికి అది ఎంత ముచ్చటో చెప్పలేను. ఒక్క సీజను తరువాత ఆ పేరు పట్టికలో లేదు. రాంచీ రాయల్స్ వచ్చింది. పుట్టిన ఊరి జట్టు పోయి బ్రతికే ఊరి జట్టు వచ్చిందని సంతోషించాలా? అభిమానిని ఎవరూ అడగలేదు, ఆటగాణ్ణి అంతకంటే అడగలేదు.

లాకౌట్ అంటే ఏమిటో మనకు తెలుసు

జైపాల్ సింగ్ నాయకునిగా వెళ్లిన భారత జట్టు 1928 మే 26న ఆమ్‌స్టర్‌డామ్‌లో తొలి ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. ఆ క్రీడలకు వెళ్లడానికి ఐ.సి.ఎస్. శిక్షణలో ఉన్న జైపాల్ సింగ్‌కు సెలవు దొరకలేదు. సెలవు లేకుండానే వెళ్లాడు. తరువాత ఆ కొలువునే వదులుకున్నాడు. ఆ స్వర్ణం వచ్చిన వారం తిరగకుండానే, జూన్ ఆరంభంలో, జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో లాకౌట్ ప్రకటించారు. ఆ పోరాటం సుభాష్ చంద్ర బోస్ రాకతో సెప్టెంబరు 12న ఒప్పందానికి చేరింది. సెలవు అడిగిన ఆటగాడు, కూలి అడిగిన కార్మికుడు ఒకే వేసవిలో, ఒకే నేల బిడ్డలుగా నిలబడ్డారు. ఈ చరిత్ర మనకు ఉండగా ఆటకూ కార్మికోద్యమానికీ సంబంధమేమిటని అడగడం విడ్డూరం.

మరొక సంగతి. 1948, 1952, 1956 ఒలింపిక్ స్వర్ణాల కాలంలో భారత హాకీ సమాఖ్యకు అధ్యక్షుడు నవల్ టాటా. ఆయనే దశాబ్దాల పాటు అంతర్జాతీయ కార్మిక సంస్థ పాలకమండలిలో యజమానుల ప్రతినిధి. నేడు జంషెడ్‌పూర్‌లో ఆయన పేరిట హాకీ అకాడమీ ఉన్నది. జెనీవాలో ప్రభుత్వం, యజమాని, కార్మికుడు ముగ్గురూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలన్న సూత్రాన్ని అంగీకరించినవారి వారసులు, హాకీ బల్ల దగ్గర మూడవ కుర్చీ ఎందుకు వేయరు? ఇది మా సూటి ప్రశ్న.

ఆ కుర్చీ లేకపోతే ఏమవుతుందో మన పట్టణంలోని ఫుట్‌బాల్ అభిమానులు 2025లో చూశారు. సమాఖ్యకు, వాణిజ్య భాగస్వామికి మధ్య ఒప్పందం ఆ డిసెంబరుతో ముగియనుండగా, జూలై నెలలోనే ఇండియన్ సూపర్ లీగు సీజను నిలిచిపోయింది. కొన్ని క్లబ్బులు ఆటగాళ్ల జీతాలు ఆపివేశాయి. ఒప్పందం యజమానులది, ఆకలి ఆటగానిది. దానికి లాకౌట్ అని ఎవరూ పేరు పెట్టలేదు. పేరు పెట్టనంత మాత్రాన అది వేరొకటి కాజాలదు.

యూనియన్ ఉంటే సర్వం చక్కబడుతుందని నేను అనను. ఎన్.హెచ్.ఎల్. యజమానులు 2004 సెప్టెంబరులో లాకౌట్ విధించి, మొత్తం 2004-05 సీజనును రద్దు చేశారు. ఆటగాళ్లు జీతాలలో 24 శాతం కోతకు, జీతాల గరిష్ఠ పరిమితికి తలవంచవలసి వచ్చింది. 2012-13 లాకౌట్ తరువాత ఆదాయంలో వారి వాటా 57 శాతం నుండి 50 శాతానికి తగ్గింది. అంతకు ముందు వారి సంఘానికి నాయకుడై యజమానులతో చెట్టపట్టాలు వేసుకు తిరిగిన అలన్ ఈగిల్‌సన్ మోసం నేరాన్ని అంగీకరించి 1998లో జైలుకు వెళ్లాడు. నాయకుణ్ణి ప్రశ్నించని యూనియన్‌కు ఏ గతి పడుతుందో అది ఒక పాఠం; మన యూనియన్లూ చదువుకోదగిన పాఠం. అయినా గమనించండి: కోత పడినా అది సంతకం చేసిన ఒప్పందం ప్రకారం పడింది. ఆదాయంలో సగం తమదని లిఖితపూర్వకంగా ఉన్నది. మన హాకీ ఆటగానికి ఆదాయం ఎంతో తెలియదు, తన వాటా ఎంతో తెలియదు, అడగవలసిన చిరునామా తెలియదు.

"లీగు నష్టంలో ఉన్నది, గట్టిగా అడిగితే మూతపడుతుంది" అన్నది చివరి బెదిరింపు. నష్టం నిజమే అయితే లెక్కలు బల్ల మీద పెట్టండి. ఆటగాళ్లు కూడా చదువుతారు. 2018లో ఏ యూనియన్ సమ్మె చేసి లీగును మూసింది? ఎవరూ అడగకపోయినా మూతపడినది. అడగకపోవడం రక్షణ కాదని దీనితో రుజువయింది.

మన డిమాండ్లు

1. వ్రాతపూర్వకమైన అంగీకారం లేనిదే ఏ ఆటగాణ్ణీ మరొక జట్టుకు మార్చరాదు. మార్పిడిలో రొక్కం చేతులు మారితే అందులో ఆటగానికి నిర్ణీత వాటా ఉండాలి.

2. ఒప్పంద పత్రం ఆటగాని మాతృభాషలో కూడా ఉండాలి. సంతకం చేసిన రోజునే ప్రతి అతని చేతికి అందాలి.

3. తొలి ఆటకు ముందే సీజను జీతాల మొత్తాన్ని యజమానులు బ్యాంకులో డిపాజిట్ చేయాలి.

4. ఆటలో గాయపడినవారికి కోలుకునే వరకు జీతం, చికిత్స యజమాని బాధ్యతగా ఉండాలి.

5. మహిళల జట్ల వేతన పరిమితిని పురుషుల జట్లతో సమానం చేయాలి.

6. లీగును మూసినా, జట్టును మార్చినా ముందుగా నోటీసు, నష్టపరిహారం ఇవ్వాలి. వివాదాల పరిష్కార మండలిలో ఆటగాళ్లకు సమాన ప్రాతినిధ్యం ఉండాలి.

7. సంఘం పెట్టినవారిని జాతీయ జట్టు ఎంపికలో గాని, వేలంలో గాని కక్షతో ప్రక్కన పెట్టరాదు.

వీటిలో అసాధ్యమైనది ఒక్కటీ లేదు. ఆటగాళ్లలో ఎక్కువ మంది రైల్వేలలో, పెట్రోలియం సంస్థలలో, పోలీసు శాఖలలో ఉద్యోగులు. అనగా ఏడాదిలో అధిక భాగం వారు మన తోటి ఉద్యోగులే, పలువురు మన యూనియన్ల పరిధిలోనివారే. ఉద్యోగి బదిలీ అయితే నిబంధనలు అడిగే యూనియన్, అదే ఉద్యోగి వేలానికి వెళ్లినప్పుడు మౌనం వహించడమెందుకు? ఏడుగురు చేరి దరఖాస్తు పెట్టి సంఘాన్ని రిజిస్టరు చేసుకునే పద్ధతి 1926 చట్టం నుండి మనకు పరిచితమే. అవసరమైన సభ్యత్వం చూపితే కొత్త కోడ్ క్రింద కూడా ఆ దారి మూసుకుపోలేదు. ఆటగాడు చట్టం దృష్టిలో కార్మికుడా కాదా అని యాజమాన్యాలు కోర్టులో వాదిస్తే వాదించనీయండి. జంషెడ్‌పూర్‌లో 1920లో లేబర్ అసోసియేషన్ పుట్టినప్పుడు ఈ దేశంలో ట్రేడ్ యూనియన్ చట్టమే లేదు. ముందు సంఘం వచ్చింది, వెనుక చట్టం నడిచి వచ్చింది.

కనుక మన సమాఖ్యకు నా విజ్ఞప్తి. రైల్వే, పెట్రోలియం రంగాల యూనియన్లు తమ సంస్థలలోని హాకీ క్రీడాకారులను, క్రీడాకారిణులను పిలిచి ఒక సమావేశం జరపాలి. మాట్లాడవలసినది వారు, కుర్చీలు వేయవలసినది మనము. పూణేలో 2010లో అయిదారు రోజులు నిలిచిన ఐక్యతకు ఒక కార్యాలయం, ఒక చందా పుస్తకం, ఒక జెండా ఇవ్వగలిగితే చాలు.

టీ దుకాణంలో నన్ను ప్రశ్నించిన పెద్దాయనకు ఇప్పుడు జవాబు చెప్పగలను. వేలం సామానుకే బావా. మనిషి తన ధర గురించి తాను మాట్లాడడం మొదలుపెట్టిన రోజున అది వేలం కాదు, బేరం. ఒంటరిగా మాట్లాడితే చిన్న బేరం, కలిసి మాట్లాడితే ఒప్పందం. మన ఆటగాళ్లు ఆ మాట మొదలుపెట్టే రోజున జుగ్సలాయి వీధులలో మరల చప్పట్లు మ్రోగుతాయి. ఆ చప్పట్లలో నా చేతులు ముందుంటాయి.

ఆటగాళ్ల సంఘం ఏర్పడాలి! ఉమ్మడి ఒప్పందం సాధించాలి!

— జుగ్సలాయి నుండి ఒక హాకీ అభిమాని